నూట ఇరవై మంది వేడి

నేను ఒక నమూనా ముక్కను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, నాలుగు వేళ్ల మందం. పైనొక తెల్ల రేకు, కిందొక తెల్ల రేకు, నడుమ పసుపుపచ్చ నురుగు. ఆ నురుగు రెండు రేకుల మధ్య నీళ్లలా పడి, ఇడ్లీపిండిలా పొంగి, అలాగే బిగుసుకుపోయింది. నాతోపాటు పుట్టినవాళ్లంతా పెద్ద పెద్ద పలకలై, గోడలూ కప్పులూ కావడానికి లారీలెక్కి వెళ్లిపోయారు. నన్ను మాత్రం రంపంతో కోసి, అంచులు నున్నగా రాసి, సంచిలో వేశారు. గోడకైతే ఎండను ఆపితే చాలు. నమూనా ముక్క ఆపుతానని నమ్మించాలి కూడా.

ఆ సంచి విశాఖపట్నంలో హైమ గారి బల్ల మీదికి చేరింది. ఆవిడ ఫ్యాక్టరీ భవనాలు డిజైన్ చేసే ఇంజనీరు. కరెంటు తక్కువ తినే కట్టడాలంటే పిచ్చి. కాగితాలు ఎగిరిపోకుండా నన్ను బరువుగా పెట్టుకునేవారు. మధ్యమధ్య అలవాటుగా నా వీపు తట్టేవారు. దాచడమెందుకు, నాకు ఆవిడంటే ఇష్టం.

ఒక వేసవిలో పలాస దగ్గర జీడిపప్పు ఫ్యాక్టరీ చూడటానికి వెళ్లారు. అక్కడ రేకుల వసారాలో నూట ఇరవై మంది ఆడవాళ్లు నేలమీద కూర్చుని పప్పు పొట్టు తీస్తారు. హైమ గారి కళ్లెదుటే ఒకామె కళ్లు తిరిగి పప్పు గంప మీదే పడిపోయింది. ఆవిడ మండిపడుతూ తిరిగొచ్చి, ఆ కోపంలోనే కొత్త భవనం బొమ్మ గీశారు. గోడలకీ కప్పుకీ మా పలకలు, లోపల చల్లటి గాలి, నూట ఇరవై చోట్లు. ఆ బొమ్మ మీద బరువుగా కూర్చున్నది నేనే. గర్వంగానే కూర్చున్నాను.

ఫ్యాక్టరీ యజమాని ప్రకాశరావు గారు ఆ బొమ్మ చూడటానికి వచ్చారు. ఏసీ ఇంత పెద్దది ఎందుకని అడిగారు. "మనిషి ఒంటి నుంచి కూడా వేడి వస్తుందండీ. ఒక్కొక్కరికి వంద వాట్లు వేసుకున్నా, నూట ఇరవై మందికి పన్నెండు వేలు" అని ఆవిడ పాఠం చెప్పినట్టు చెప్పారు.

"అయితే మనుషులే లేకపోతే?" అన్నారాయన.

హైమ గారు నవ్వారు. ఆయన నవ్వలేదు.

నెల తిరక్కుండా ఆయన పొట్టు తీసే యంత్రం మాట్లాడుకున్నారు. దాని దగ్గర నిలబడటానికి ఎనిమిది మంది చాలట. హైమ గారు నన్ను పక్కకి జరిపి, లెక్కల కాగితం లాగి, నూట ఇరవై కొట్టేసి ఎనిమిది వేశారు. అంతే, కట్టడం కరెంటు పొదుపు పురస్కారానికి సరిగ్గా సరిపోయింది. ఆవిడ చాలాసేపు ఆ అంకెను చూశారు. మళ్లీ నూట ఇరవై రాశారు. మళ్లీ కొట్టేశారు. ఆ రోజు నా వీపు తట్టలేదు.

ఇక మిగిలిన చిక్కల్లా వసారాయే. అది పడగొడితేగానీ కొత్తది లేవదు. అక్కడి ఆడవాళ్లకి ఒక పద్ధతి ఉంది. ఎవరి గోనె పట్టా ఎక్కడ పరిచి ఉంటే ఆ చోటు ఆమెది. అత్త కూర్చున్న చోట కోడలు పరుచుకుంటుంది. పరిచిన పట్టాను యజమాని కూడా కాలితో తొక్కడు. కిటికీల్లేని పెట్టెలోకి మేం రామని వాళ్లు పట్టాలు చుట్టలేదు.

"మీరంటే వాళ్లకి గురి. ఆ ముక్క చూపించి ఒప్పించండి. మిగతాది తర్వాత నేను చెప్పుకుంటాను" అన్నారు ప్రకాశరావు గారు. హైమ గారు నన్ను సంచిలో వేసుకుని బయల్దేరారు. కొట్టేసిన కాగితం బల్ల మీదే ఉండిపోయింది. ఆవిడ కాక అది చూసినదాన్ని నేనొక్కదాన్నే. నాకు నోరు లేదు.

మిట్టమధ్యాహ్నం వసారా ముందు ఇటుకల మీద ఒక మామూలు రేకునీ, పక్కనే నన్నూ ఎండలో పెట్టారు. ఆడవాళ్లలో పెద్దది దాలమ్మ. వయసులో ఉన్నప్పుడు జీడిగింజలు కొట్టి కొట్టి, ఆ రసానికి అరచేతులు నల్లగా మొద్దుబారిపోయిన మనిషి. కింద చెయ్యి పెట్టి చూడమంటే నవ్వింది.

"ఈ సేతులకేటి తెలుస్తాదమ్మా" అని వంగి, రేకు అడుగున చెంప ఆనించి చటుక్కున వెనక్కి లాక్కుంది. తర్వాత నా అడుగున ఆనించింది. తియ్యలేదు. నా వీపు కాలిపోతోంది. కడుపు కింద ఆమె చెంప చల్లగా ఉంది. నా జన్మకి అంతకంటే మంచి క్షణం లేదు. నేను అబద్ధం చెప్పింది కూడా అప్పుడే.

"ఇలాగే ఉంటాదా లోపలంతా?"

"ఇలాగే ఉంటుంది దాలమ్మా" అన్నారు హైమ గారు. అది నిజమే. అందుకే అంత సులువుగా అనగలిగారు.

దాలమ్మ నన్ను చంకలో పెట్టుకుంది. "అయితే ఈ ముక్క నా కాడ ఉంచమ్మా. కొత్తదాన్లో మేం కూకున్న రోజు నీకిచ్చీస్తాను."

హైమ గారి నోరు తెరుచుకుంది. ఇప్పుడు చెబుతారు అనుకున్నాను. "సరే, ఉంచు" అన్నారు.

దాలమ్మ వెళ్లి తన పట్టా చుట్టేసింది. ఆమెను చూసి నూట పందొమ్మిది పట్టాలు లేచాయి. మర్నాడే వసారా నేలమట్టమైంది.

కొత్త భవనం తెల్లగా లేచింది. తెరిచిన రోజు ఆడవాళ్లంతా చుట్టిన పట్టాలు చంకన పెట్టుకుని గేటు దగ్గరికొచ్చారు. దాలమ్మ నన్ను తువ్వాల్లో చుట్టి తెచ్చింది, మాట ప్రకారం తిరిగివ్వడానికి. కాపలావాడు కాగితంలో చూసి ఎనిమిది పేర్లు చదివాడు. అన్నీ ఊరుకాని ఊరి మగవాళ్లవి. అంతటితో కాగితం మడిచేశాడు.

దాలమ్మ పక్కన వసారాలో ఇరవై ఏళ్లు కూర్చున్న తవిటమ్మ ఆమె వైపు తిరిగింది. "నీ మాట మీదే కదే పట్టా సుట్టీసినాం. ఎంతకి ఒప్పుకున్నావు?"

దాలమ్మ తువ్వాలు విప్పి నన్ను చూపించింది. నాకిచ్చింది ఇదేనంది. తవిటమ్మ నమ్మలేదు. ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నుంచి బోరింగు దగ్గర దాలమ్మ వస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకుని జరిగిపోతున్నారు. ఎండ నుంచి కాపాడతానని ఆమెకి మాటిచ్చాను. చివరికి మనుషుల మధ్యే నిలవనీడ లేకుండా చేశాను. దాలమ్మ ఇంట్లో నాకిచ్చిన ఉద్యోగం నీళ్లకుండ మీద మూత.

ఏడాది తిరిగాక హైమ గారు వచ్చారు. గుమ్మంలోనే నిలబడ్డారు. భవనానికి పురస్కారం వచ్చిందట. ఫ్యాక్టరీ వాకిట్లో అద్దాల పెట్టె చేయించారట. మొట్టమొదటి నమూనా ముక్కను అందులో పెట్టాలని ప్రకాశరావు గారి ముచ్చటట.

దాలమ్మ నన్ను ఎత్తి, ముంత ముంచి నీళ్లిచ్చింది. హైమ గారు తాగారు. "చల్లగా ఉన్నాయి" అన్నారు.

"మా వాళ్లెవరైనా లోన కూకున్నారా అమ్మా?"

హైమ గారు ముంతలోకి చూస్తూ తల అడ్డంగా ఊపారు.

"లోన కూకున్న రోజు ఇచ్చీస్తానన్నాను కదా" అంది దాలమ్మ. "ఇంకా కూకోనేదు."

ముంత అందుకుని, నన్ను మళ్లీ కుండ మీద పెట్టేసింది.