టమాటా మడిలో గాలం కర్ర

ఆ ఇంటి నేలమాళిగలో ఒక్కరికే చోటు. అయినా అక్కాతమ్ముళ్లిద్దరూ అక్కడే తగలడేవారు.

రోవీనా టెర్విలిగర్ తూర్పు గోడ పక్కన వెదురు చీల్చి గాలం కర్రలు చేసేది. ఆమె తమ్ముడు ఆర్లో పడమటి మూలనున్న చీకటి గదిలో తలుపు బిగించుకుని ఫొటోలు కడిగేవాడు. వెదురు చిత్రిక పడితే లేచే పొట్టు ఫొటోలకు శత్రువు. ఫొటో మందుల కంపు వార్నిష్ ఆరుతున్న కర్రకు పడదని రోవీనా నమ్మకం. అది నిజమో కాదో ఎవరూ తేల్చలేదు, తేల్చడానికి ఆవిడ ఒప్పుకోలేదు కూడా. అందుకని రోజులు పంచుకున్నారు. శనివారం వెదురుది, ఆదివారం ఫొటోలది. మిగతా రోజులు ముందు కాఫీ తాగి మెట్లు దిగిన వాళ్లవి. ఆ తొందరలో ఆర్లో నోరు కాల్చుకున్న రోజులు చాలానే ఉన్నాయి.

భార్య పోయాక "నాలుగు రోజులుండి పోతానక్కా" అంటూ వచ్చాడతను. ఒక పెట్టెలో బట్టలు, మిగతా పెట్టెల నిండా కెమెరాలు, లెన్సులు. ఆ పెట్టెలు చూసినప్పుడే రోవీనాకు ఆ నాలుగు రోజుల సంగతి అర్థమైంది. ఏమీ అనకుండా బీరువా ఒకటి ఖాళీ చేసి ఇచ్చింది. అనడం తర్వాత మొదలుపెట్టి ఇరవై ఏళ్లుగా ఆపలేదు.

"ఒరేయ్, ఇన్ని కెమెరాలు పెట్టుకుని నెలకో ఎండుటాకు ఫొటో తీస్తావు. ఆ ఆకుకేమన్నా పెళ్లిచూపులా?"

"నువ్వు ఏడాదంతా కర్ర చెక్కి, దాంతో పట్టిన చేపను మళ్లీ ఏట్లోకే వదిలేసి వస్తావు. నేను ఆకునైనా ఇంటికి తెచ్చుకుంటున్నాను."

అతను ఏ ఫొటో చూపించినా ఆవిడ కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో తిప్పి తిప్పి చూసి, ఒక వంక పట్టుకునేది. మూల నల్లబడిందనో, కొండ ఒరిగిందనో. ఒరగకపోతే ఎండుటాకు మొహం బాలేదనేది. ఆ నోటినుంచి ఒక్కసారి "బాగుంది" అనిపించుకోవాలని ఆర్లో కొత్త లెన్సులు కొంటూనే ఉన్నాడు. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు.

బీవర్‌కిల్ ఏటి పొడుగునా కర్రలు చేసేవాళ్లకు ఒక కట్టుబాటుంది. చెడిపోయిన కర్రను అమ్మకూడదు, ఊరికే ఇవ్వకూడదు, అటక మీద దాచకూడదు. వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా పెరట్లో టమాటా మొక్కకు ఊతంగా పాతాలి. ఒకరింటికి ఒకరు వెళ్తే కాఫీకన్నా ముందు టమాటా మడి చూస్తారు. అక్కడ కర్రలు ఎన్నున్నా తప్పులేదు. కొత్తవి కనబడకపోతేనే మనిషిని అనుమానిస్తారు. ఈ పద్ధతి పెట్టింది రోవీనాకు పని నేర్పిన హాస్‌బ్రూక్ మాస్టారు. ఆయన పెరట్లో టమాటాలు సైనికుల్లా నిటారుగా ఉంటాయి.

ఆ ఏడాది మే నెలలో మాస్టారికి తొంభై నిండుతాయి. ఏటి ఒడ్డున కర్రలు చేసేవాళ్లంతా కలిసే పండగలో ఆయనకు అందరి తరఫునా ఒక కర్ర ఇవ్వాలని, అది రోవీనాయే చేయాలని అనుకున్నారు. చలికాలమంతా ఆవిడ ఆ పని మీదే కూర్చుంది. చీనా నుంచి వచ్చిన వెదురు బొంగును చీల్చి, ఆరు బద్దలు తీసి, ఒక్కొక్క దాన్ని మూడు పలకలుగా చిత్రిక పట్టి, ఆరింటినీ కలిపి అతికించి, పట్టుదారం చుట్టి, వార్నిష్ వేసింది. అతుకు కనబడకూడదు. ఆరు బద్దలని తెలిసినవాడు కూడా ఒకటే కర్ర అనుకోవాలి. కొస దగ్గర ఆ ఆరూ కలిసినా అగ్గిపుల్లంత లావుండవు.

మార్చిలో కర్ర తయారైంది. పెట్టె మూతలో అంటించడానికి ఫొటో కావాలంది.

"నీ డబ్బాలన్నిట్లో ఏది మంచిదో అది తియ్యి. మాస్టారికి. ఆకు అనుకుని తీశావంటే ఊరుకోను," అని కర్రను రెండు చేతులతో అందించింది.

ఆర్లో తన లెన్సులన్నిట్లోకీ పదునైనది బయటికి తీశాడు. దాంతో తీస్తే ఈగ కాలి మీద నూగు కూడా లెక్కపెట్టొచ్చు. కర్ర కొసను దగ్గరగా తీశాడు. ఆదివారం మధ్యాహ్నం చీకటి గదిలో ఎర్రదీపం కింద మందునీళ్లలో కాగితం ఊపుతుంటే, కర్ర నెమ్మదిగా తేలింది. పట్టుదారం చుట్లు ఒక్కొక్కటే కనబడ్డాయి. వాటి పక్కన సన్నటి నల్లగీత కూడా కనబడింది.

వెంట్రుక అనుకున్నాడు. నెగిటివ్ తుడిచి ఇంకొకటి వేశాడు. గీత ఉన్నచోటే ఉంది. దీపం వేసి, భూతద్దం పెట్టి, కర్రనే చూశాడు. వేలి కణుపంత మేర రెండు బద్దలు కలవలేదు. మధ్యలో జిగురు లేదు. పైన వార్నిష్ అద్దంలా మెరుస్తోంది. పెద్ద చేప ఒక్కటి లాగితే కొస అక్కడే విచ్చుకుంటుంది, అదీ మాస్టారి చేతిలో, అందరి ముందూ.

గీతను చూసి అతను భయపడలేదు. అది అక్కకు కనబడలేదే అని భయపడ్డాడు. పక్కవాళ్ల కర్రలో దారం ఒక చుట్టు వదులైతే వీధి అవతల నుంచే చెప్పే మనిషి ఆవిడ.

పైకొచ్చి వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. మంచు కరిగి టమాటా మడి బయటపడింది. పాతిన కర్రలన్నీ వానకు, ఎండకు బూడిదరంగు తిరిగినవే. పోయినేడాది కొత్తది ఒక్కటీ పాతలేదు. ముందటేడాదీ లేదు. ఊతం చాలక నేల మీద పడి దొర్లిన టమాటాలను తను తిన్నాడు కూడా, మట్టి రుచి వస్తోందని వెక్కిరిస్తూ. అక్క చెయ్యి అంత కుదురుకుందనుకున్నాడు. అక్క కాఫీని కప్పులో కాక పక్కన పోసిన రోజులు గుర్తొచ్చాయి. పొద్దు వాలాక కారు తీయనంటే బద్ధకమనుకున్నాడు. సూదిలో దారం ఎక్కించమని "నువ్వు ఖాళీగానే ఉన్నావుగా" అని తన చేతికిచ్చేది. ఇవన్నీ తన కళ్లెదుటే జరిగాయి. తెల్లారిలేస్తే పదును, పదును అని పాకులాడే మనిషికి ఇంట్లో మనిషి కళ్ల మసక తెలియలేదు.

చెప్పే ధైర్యం లేక పిరికిపని చేశాడు. మళ్లీ చీకటి గదిలోకి వెళ్లి, ఫొటోలు వేసే యంత్రం మీద ఫోకస్ కావాలనే కాస్త తప్పించి, ఇంకో ఫొటో వేశాడు. గీత మాయమైంది. దాంతోపాటు దారం చుట్లు, వెదురు పోగులు కూడా పాకంలో పడ్డట్టు అలుక్కుపోయాయి. అలాంటి ఫొటో అతని చేతినుంచి ఎప్పుడూ బయటికి రాలేదు. అక్క చూడగానే మొహాన కొడుతుంది, ఎందుకిలా తీశావంటుంది, అప్పుడు చెప్పొచ్చు అనుకున్నాడు.

రోవీనా పాన్‌కేకులు కాలుస్తోంది. చేతులు తుడుచుకుని ఫొటో అందుకుంది. కిటికీ దగ్గరికి వెళ్లింది. తిప్పి తిప్పి చూసింది.

"బాగుందిరా," అంది.

ఆర్లో ఆవిడ భుజం మీంచి ఫొటోలోకి తొంగిచూశాడు.

"చాలా బాగా వచ్చింది. ఇన్నాళ్లకి వంక పెట్టడానికేం దొరకలేదు. దారం చుట్లు కూడా ఎంత పదునుగా వచ్చాయో చూడు!"

ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మాట అది. వినగానే కుర్చీలో కూలబడ్డాడు. పాన్‌కేకు మాడింది. ఇద్దరూ చూడలేదు.

"ఏమైందిరా? పొగిడితే ఇలా అయిపోతావని తెలిస్తే ముందే పొగిడేదాన్ని."

"అక్కా, ఆ ఫొటో మసగ్గా ఉంది."

"ఏంటీ?"

"కావాలనే మసక చేశాను. అలికేసినట్టుంది. నీకు కనబడలేదు."

రోవీనా ఫొటో మళ్లీ చూడలేదు. బల్ల మీద బోర్లించి పెట్టింది. "నా కళ్లు పరీక్షించడానికి మాస్టారి ఫొటో దొరికిందా నీకు?" అని గొంతు పెంచింది. ఆర్లో మొదటి ఫొటో ముందు పెట్టి, గీత ఉన్నచోట వేలు పెట్టాడు.

"నీ లెన్సు మీద గీత."

"కాదు."

"అయితే నీ నెగిటివ్ మీద. ఆ సంతల్లో కొనే తుక్కుతో తీస్తే గీతలు కాక పువ్వులొస్తాయా?"

"అక్కా, కర్ర నీ చేతుల్తో పట్టుకుని విను."

అది మాస్టారు నేర్పిన పరీక్షే: అతుకు సరిగ్గా ఉంటే వంచినా చప్పుడు రాదు. రోవీనా కిందికెళ్లి కర్ర తెచ్చింది. కొసను చెవి దగ్గర పెట్టుకుని, బొటనవేలితో మెల్లిగా వంచింది. లోపల ఎక్కడో టిక్కుమంది. ఇంకోసారి వంచింది. మళ్లీ టిక్కుమంది. ఆవిడ కర్రను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్ని నిమురుతూ కూర్చుంది.

"ఎన్నాళ్లయింది?" అడిగాడు ఆర్లో.

"దీపాల చుట్టూ సున్నాలు కనబడబట్టి రెండేళ్లు. శుక్లాలన్నాడు డాక్టరు. కోయాలన్నాడు. నేను మళ్లీ వెళ్లలేదు. అమ్మకి కోశాక ఏమైందో నీకు గుర్తులేదు, చిన్నవాడివి. కట్టు విప్పితే ఆ కంట్లో చూపు లేదు. నేనే చెయ్యి పట్టుకుని నడిపించాను. వేళ్లతో సగం పని చేస్తానులే, మిగతా సగం ఎలాగో అలా నెట్టుకొస్తాననుకున్నాను," అంది.

"పొగ పట్టిన లెన్సు దొరికితే నేనేం చేస్తాను?"

"ఇంకోటి కొంటావు. అదేగా నీ రోగం."

"మంచిదైతే పారెయ్యను. లోపలి గాజు ఒక్కటీ తీయించి కొత్తది వేయిస్తాను. ఇప్పుడు నీకు చేసేదీ అంతే. అమ్మ రోజుల్లో గాజు తీసి వదిలేసేవాళ్లు, కొత్తది వేసేవాళ్లు కాదు. ఇప్పుడు మధ్యాహ్నానికి ఇంటికొచ్చేస్తావు."

రోవీనా అతని వంక చూసి, బేరం పెట్టింది. "నేను ఒప్పుకుంటే ఆ బీరువాలో సగం కెమెరాలు నువ్వు అమ్మెయ్యాలి."

"సరే," అన్నాడు.

లెన్సు ఒక్కటి పక్కకి జరిపితే ప్రాణం విలవిల్లాడే మనిషి, ఏవేవి పోతాయో కూడా ఆలోచించకుండా సరే అన్నాడు. రోవీనా ఒళ్లో కర్రను తీసి బల్ల మీద పెట్టింది.

"ఇంత భయమేసిందారా నీకు?"

"వేసింది. నువ్వు పొగిడావు చూడు, అప్పుడు వేసింది."

ఆవిడకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. కెమెరాలు అమ్మొద్దులే అంది. మాడిన పాన్‌కేకుల మీద తేనెలాంటి మేపుల్ పాకం బాగా పోసుకుని ఇద్దరూ తిన్నారు.

ఏప్రిల్‌లో ఒక కన్ను అయింది. కట్టు తీసిన మర్నాడే రోవీనా, ఆ రెండేళ్లలో అమ్మిన కర్రలన్నీ తిరిగి పంపమని కబురు పెట్టింది. వచ్చినవాటిలో బాగున్నవాటిని యజమానులకు పంపేసింది, తేడా ఉన్నవాటిని ఉంచుకుని మళ్లీ చేసిస్తానని మాటిచ్చింది. మే నెల పండగకి ఒట్టి చేతులతో వెళ్లింది. ఏటి ఒడ్డున అందరూ చుట్టూ చేరి ఉండగా మాస్టారి కుర్చీ ముందు నిలబడింది.

"మాస్టారూ, మీ కర్ర టమాటాల దగ్గరుంది."

మాస్టారు కళ్లజోడు పైకి తోసి ఆవిడ మొహంలోకి చూశారు.

"రెండేళ్లుగా నీ పెరట్లో కొత్త కర్ర లేదమ్మాయ్. నేనూ చూస్తూనే ఉన్నాను. అడిగితే నొచ్చుకుంటావని నోరు మూసుకున్నాను, నాదీ తప్పే. ఇంకో కర్ర ఎప్పటికిస్తావు?"

"వచ్చే మే నెలకి."

"తొంభై ఏళ్లవాడికి వచ్చే మే అని వాయిదా పెడతావా? సరే కానీ, బతుకుతాలే. కొస మాత్రం చెవి దగ్గర పెట్టి విను."

అందరూ ఒక్కసారి నవ్వారు. రోవీనా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు.

వేసవి ముదిరేసరికి టమాటా మడి నిండా కొత్త కర్రలే. మధ్యలో అన్నిటికన్నా అందమైనది, పట్టుదారం చుట్లతో, వార్నిష్ మెరుపుతో, మాస్టారిది. దాన్ని పట్టుకుని ఒక మొక్క ఎగబాకి, ఎర్రటి కాయలు కాసింది. ఆర్లో పదునైన లెన్సు తీసి మోకాళ్ల మీద కూర్చుని దాన్ని ఫొటో తీశాడు. ఆదివారం కడిగి, తడి ఆరకుండానే పైకి పట్టుకొచ్చాడు.

రోవీనా చేతులు తుడుచుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. అప్పటికి రెండో కన్నూ అయింది. వెలుగులో తిప్పి తిప్పి చూసింది. ఆర్లో కుర్చీ వెనక నిలబడి, దాని అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"ఎడమ మూల," అందావిడ.

"ఏమైంది?"

"ఆ ఆకు అంచు ఫోకస్‌లో లేదు. కింద కాయ మీద మట్టి ఉంది, తుడిచి తీయడానికేం రోగం? కర్ర కాస్త ఒరిగింది కూడా. నువ్విక బాగుపడవురా."

ఆర్లో కళ్లు తుడుచుకున్నాడు.

"మళ్లీ చెప్పక్కా," అన్నాడు. "ఎడమ మూల ఏమైందన్నావు?"