ఆరు అంకెలు

"ఫోన్ దగ్గర పెట్టుకో, అమ్మాయి ఇంజనీరింగ్ సీటుకి ఓటీపీ వస్తుంది," అన్నాడు గున్నేశ్వరరావు పాలకొల్లు బజార్లోని నెట్ సెంటర్ నుంచి. ఆయన భార్య సత్యలక్ష్మి ఇంట్లో పొట్లకాయ తరుగుతోంది. గ్యాసు బండ దగ్గర్నుంచి కూతురి ఇంజనీరింగ్ సీటు దాకా ఏ దరఖాస్తులోనైనా ఆమె నంబరే ఉంటుంది. "నువ్వెలాగూ ఖాళీయే కదా" అని ఆయనే రాయించాడు. వంట, గిన్నెలు, బట్టలు, అత్తగారి మందులు అయ్యాక మిగిలే ఆ ఖాళీ ఎలా ఉంటుందో ఆమె ఇప్పటిదాకా చూడలేదు.

కూతురు హరిచందనకి బిజినెస్ స్కూల్లో చేరాలని ఉంది. దానికి ముందు బీకాం ఫైనాన్స్ చదువుతానంటుంది. భీమవరంలో సీటు కూడా వచ్చింది, ఇవాళ ఒప్పుకోవాలి. ఆడపడుచు భర్త శ్యాంబాబు మాత్రం హైదరాబాదు నుంచి ఫోన్ చేసి, "ఎంబీఏ క్లాసుల్లో సగం మంది ఇంజనీర్లేనండి బావగారూ" అన్నాడు. దాంతో ఇంజనీరింగ్ ఖాయమైపోయింది. పిల్ల మూడు రోజులుగా సరిగ్గా తినడం లేదు.

సత్యలక్ష్మిది దీనికి తలకిందుల కథ. ఆమె ఇంజనీరింగ్ చదువుతానంది. "కాకినాడలో హాస్టలెందుకు, ఊళ్ళో బీకాం ఉందిగా" అన్నారు నాన్న. ఫస్ట్ క్లాసులో పాసై కాపురానికొస్తే అత్తగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "బీకాం చదివినా పప్పు పప్పులాగే ఉందే" అన్నారు. అది మెచ్చుకోలో వెటకారమో ఇరవయ్యేళ్ళయినా తేలలేదు.

ఫోన్ టింగుమంది. ఆరు అంకెలు.

"వచ్చిందా?"

"వచ్చిందండి."

"చెప్పు. వెనకాల జనం ఉన్నారు."

హరిచందన వంటింటి గుమ్మంలో గోళ్ళు కొరుక్కుంటోంది. చెప్పేస్తే, ఒకప్పుడు తనకి దక్కని చదువు ఇన్నాళ్ళకి ఈ ఇంటికొస్తుంది. ఆ ఆశ తనలో ఓ మూల ఉందని తెలిసి సత్యలక్ష్మికే సిగ్గేసింది. పిల్ల అడిగింది అది కాదు.

"ఎవరికీ చెప్పొద్దని రాశారండి ఇందులో."

"నేను ఎవరో అయిపోయానా ఏంటి?"

"సీటు మీది కాదు కదండి. పిల్లకి వద్దట. నేను చెప్పను."

కూర ఏం చేయమంటారని అడిగినంత మామూలుగా వచ్చిందా మాట. అవతల్నుంచి "ఓటీపీ టైమైపోయిందండి, మళ్ళీ కొట్టమంటారా?" అని నెట్ సెంటర్ అతని గొంతు వినిపించింది. గున్నేశ్వరరావు అతనితో, "వద్దులే" అన్నాడు. తర్వాత ఫోన్లోకి, "భోజనానికొస్తున్నా. అమ్మ అడిగితే ఏం చెప్పమంటావు?"

"పొట్లకాయ కూర అని చెప్పండి."

ఫోన్ పెట్టేశాక ఆమెకి ఒళ్ళంతా తేలికైంది. పీట మీదే వెనక గోడకి వాలి, తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది. హరిచందన పక్కనే చతికిలబడి తన ఫోన్లో భీమవరం సీటు తెరిచింది. నొక్కబోయి వేలు ఆపింది.

"అమ్మా, ఒకవేళ ఇదే తప్పయితే?"

"అయితే అవనీ. ఆ తప్పయినా నీదవుతుంది. నా చదువులో తప్పు కూడా మా నాన్నదే."