మూడు మీటర్ల గోధుమరంగు

కరాటే బడికి బెల్టులు కుట్టేది నేనే. ఆరేళ్లుగా కుడుతున్నా ఆ రంగుల వరస నాకు ఇప్పటికీ ఒంటబట్టలేదు. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ, నలుపు. ఏ రంగయినా లోపల అదే ముతక అస్తరు, పైన అవే ఎనిమిది వరసల కుట్లు. మరి ఒకటి కట్టుకున్నవాళ్లు ఇంకొకటి కట్టుకున్నవాళ్ల ముందు వంగడమేమిటి?

ఒకసారి మాస్టారినే అడిగాను. "రంగులో ఏముందండీ, అంతా కట్టుకున్న మనిషిలోనే ఉంటుంది" అన్నారు. ఏమీ లేనిదానికి పరీక్షలెందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత అక్కడే నేర్చుకునే నర్సమ్మను అడిగాను. ఆసుపత్రిలో పని, గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. "ఏముంది బాబాయ్, ఎదుటివాళ్లని ఎంత గట్టిగా కొట్టొచ్చో రంగు చూస్తే తెలుస్తుంది" అంది. ఈ మాట కాస్త బుర్రకెక్కింది. కానీ ఆవిడకు ఎదురుగా నిలబడేది మా అమ్మాయి కాబట్టి భయం కూడా పట్టుకుంది.

మా అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. పగలు నా దుకాణంలో కొలతలు తీస్తుంది, సాయంత్రం బడికి పోతుంది. తనదీ నర్సమ్మదీ నీలం బెల్టే. ఆ బడిలో గోధుమరంగు ఏడాదికి ఒక్కరికే ఇస్తారు. అది దక్కినవాళ్లు మాస్టారి పక్కన నిలబడి చిన్నపిల్లలకు నేర్పుతారు. పోయినేడు ఆ చోటు తప్పిపోతే మా పిల్ల వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఈసారి కూడా పోతే ఏమైపోతుందోనని నా బెంగ.

పరీక్షకు పది రోజుల ముందు మాస్టారి దగ్గర్నుంచి చీటీ వచ్చింది. పసుపు తొమ్మిది, ఆకుపచ్చ ఆరు, ఇంకా ఏవేవో. చివర్లో, గోధుమరంగు ఒకటి, మూడు మీటర్లు.

బెల్టు నడుముకు రెండు చుట్లు తిరగాలి, ముడి వేశాక రెండు కొసలూ సమానంగా జానెడు వేలాడాలి. మా అమ్మాయికి రెండు మీటర్ల అరవై సరిపోతుంది. మూడు మీటర్లంటే నర్సమ్మ కొలతే. అంటే పరీక్ష ఇంకా జరగనే లేదు, ఫలితం మాత్రం నా బల్ల మీదకు వచ్చేసింది!

"నాన్నా, చీటీ వచ్చిందా?" అని అడిగింది పిల్ల.

"వచ్చింది. మామూలే" అని జేబులో కుక్కేశాను.

మాస్టారిని నిలదీస్తే పిల్లకే చేటేమో. పిల్లకు చెబితే పరీక్షకే వెళ్లదేమో. చెప్పకపోతే అంతమంది ముందు ఉత్తపుణ్యానికి ఓడిపోతుంది. మింగలేక కక్కలేక మూడు రోజులు గడిపాను. ఆ మూడు రోజుల్లో ఒకరి చొక్కాకు రెండు చేతులూ ఎడమవే కుట్టాను.

నాలుగోరోజు పొద్దున పిల్ల గుండీలు కొనడానికి బజారుకెళ్లింది. గోధుమరంగు బట్ట పరిచి, మూడు మీటర్ల దగ్గర పెట్టాల్సిన సుద్దగీత రెండు అరవై దగ్గర పెట్టాను. ఎందుకు పెట్టానంటే ఇప్పటికీ సరైన జవాబు లేదు. నర్సమ్మకు చాలకపోతే మాస్టారు మనసు మార్చుకుంటారనా? కనీసం వాయిదా పడుతుందనా? కడుపుమంట, అంతే అనుకుంటాను. కత్తెర మాత్రం ఆగలేదు. పరీక్షకు ముందురోజు బెల్టుల కట్టంతా బడికి పంపించాను.

పరీక్ష చూడ్డానికి వెళ్లాను గానీ ఏం చూశానో చెప్పలేను. ఇద్దరూ వంగారు, కేకలు వేశారు, కాళ్లు గాల్లోకి లేచాయి. ఎవరిది పైచేయో నాకైతే అంతుపట్టలేదు. చివరికి మాస్టారు పిలిచింది మా అమ్మాయిని.

నా చెవులను నేనే నమ్మలేదు. పిల్ల నీలం బెల్టు విప్పి మడిచి పక్కన పెట్టి, గోధుమరంగుది చుట్టుకుంది. రెండు చుట్లు, ముడి, అటు జానెడు ఇటు జానెడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు లేవలేదు.

మాస్టారు నవ్వారు. "ఇదేంటండీ, మూడు మీటర్లు రాశాను కదా! ఎవరు గెలిచినా అక్కరకొస్తుంది, పొడుగైతే మీరే కోసి సరిచేస్తారనుకున్నాను."

"బాబాయ్‌కి ముందే తెలుసన్నమాట!" అంది నర్సమ్మ, పగిలిన పెదవి ఒత్తుకుంటూ. అందరూ నవ్వారు. మా పిల్ల నవ్వలేదు. వేలాడుతున్న రెండు కొసల వంకే చూసుకుంటూ నిలబడింది. కొలతలు తీసే పిల్లకు వేరే చెప్పాలా?

నాకైతే అంతా అయోమయమైపోయింది. కట్ట ముందురోజే అందింది. మాస్టారు విప్పి చూశారా? చూసి, పొట్టి బెల్టు కదా అని పొట్టిపిల్లను పిలిచారా? ఛ, అలాంటి మనిషి కాదు. కాదనే అనుకుంటున్నాను.

మర్నాడు పొద్దున పిల్ల ఆ బెల్టు తెచ్చి నా మిషను పక్కన పెట్టింది.

"నిజం చెప్పు నాన్నా. మాస్టారితో ఏమైనా మాట్లాడావా?"

"లేదమ్మా, నీమీదొట్టు."

"మరెందుకు కురచగా కోశావ్?"

దాచలేక చీటీ సంగతంతా చెప్పేశాను. మూడు మీటర్లనేసరికి నర్సమ్మకే ఖాయమైపోయిందని అనుకున్నానని కూడా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నిదానంగా విన్నది.

"మళ్లీ పరీక్ష పెట్టమని మాస్టారిని అడిగాను. నర్సక్క కూడా సరేనంది. ఈసారి నువ్వు రావద్దు."

"తప్పయిపోయిందమ్మా. నీకు అన్యాయం జరుగుతుందని..."

"కాదు నాన్నా. మాస్టారు మోసం చేస్తారని అనుకోగలిగావ్. నేను గెలుస్తానని మాత్రం అనుకోలేకపోయావ్."

అది కాదమ్మా, అన్నాను. ఈలోగా ఎవరో చొక్కా కొలతలివ్వడానికి వస్తే, పిల్ల నా మెడలోంచి టేపు తీసుకుని అటు వెళ్లిపోయింది.