అబ్బాయిరాజు ఏడుపు

అబ్బాయిరాజు స్టేజీ మీద ఏడిస్తే కొల్లేటి ఊళ్లలో మగవాళ్లు కూడా కండువాతో కళ్లు తుడుచుకునేవారు. కొడుకు పోయిన తండ్రి వేషం అతనిది. ఇరవై ఏళ్లు ఆ ఏడుపుతోనే బతికాడు. టీవీలు వచ్చాక నాటకాలకు పిలిచేవాళ్లు తగ్గిపోయారు. ఏలూరు స్టేషను దగ్గర ఒక లాడ్జీలో గుమాస్తాగా చేరి, అక్కడే వెనక గదిలో ఉండసాగాడు.

ఇంట్లోవాళ్లు మాత్రం అతని ఏడుపును ఎప్పుడూ నమ్మలేదు. తల్లి పోయినప్పుడు ఏడిస్తే వేషాలన్నారు. భార్య పుట్టింటికి వెళ్లిపోతుంటే గుమ్మంలో నిలబడి బతిమాలాడు. ఈ డ్రామాలు నా దగ్గర కాదని ఆవిడ ఆటో ఎక్కింది, మళ్లీ రాలేదు. అన్నయ్య నటించడం లేదని గట్టిగా చెప్పింది ఒక్క చెల్లెలు శ్యామలాదేవే.

2005 వానాకాలంలో, ముదినేపల్లిలో ఆ చెల్లెలు గుండె ఆగి పోయింది. కబురు తెలియగానే అతను ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు. చేపల చెరువుల గట్లు చూస్తూ దారి పొడవునా కూర్చున్నాడు. ఆ ఇంటి మెట్లెక్కి, చాప మీద చెల్లెలి ముఖం చూసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది. జనం చివరి వరసదాకా వినబడాలని సాధన చేసిన గొంతు అది. వీధి చివరిదాకా వినిపించింది. తెలియకుండానే, స్టేజీ మీద లేచినట్టే కుడిచెయ్యి పైకి లేచింది.

వాకిట్లో ఎవరో, మెచ్చుకోలుగానే, “ఆ గొంతు ఇంకా తగ్గలేదండీ” అన్నారు.

ఏడుపు అక్కడే ఆగిపోయింది. చెల్లెలి భర్త ప్రసాదరావు వచ్చి అతని భుజం పట్టుకున్నాడు.

“ఇక్కడ వద్దండీ బావగారూ. మా అమ్మాయి బెదిరిపోతుంది.”

కోపంగా అనలేదు. అబ్బాయిరాజు పెరట్లోకి వెళ్లి నూతిగట్టు మీద కూర్చున్నాడు. తను ఏడ్చింది దుఃఖంతోనా, అలవాటుతోనా అని మొదటిసారి తనకే అనుమానం వచ్చింది.

దహనం అయ్యి అందరూ స్నానాలు చేశాక మేనకోడలు సువర్ణ అతని దగ్గరికి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల. పొద్దుటినుంచి ఆమె కంట చుక్క నీరు లేదు. దానికీ ఆడవాళ్లు ఏదో ఒకటి అంటూనే ఉన్నారు.

“మావయ్యా, నాకు ఏడుపు రావట్లేదు. ఎలా ఏడవాలో చెప్పండి.”

ఊపిరి ఎక్కడ బిగబట్టాలో, గొంతు ఎక్కడ వణికించాలో అతనికి బాగా తెలుసు.

“నాకు తెలీదమ్మా” అన్నాడు.

వాళ్లమ్మ చిన్నప్పటి సంగతి మామూలు గొంతుతో చెప్పాడు. పడవలో బడికి వెళ్తూ పలక నీళ్లలో పడేసుకుని, అతని పలక మీద తన పేరు రాసేసుకుందట. సాయంత్రం పలక పోగొట్టాడని అన్నయ్యకి దెబ్బలు పడబోతుంటే, తనే నాన్నకి అడ్డం వెళ్లి నిజం చెప్పేసిందట. సువర్ణ చిన్నగా నవ్వింది. ఆ నవ్వులోనే ఏడుపు వచ్చేసింది. అతని భుజానికి తల ఆనించి చాలాసేపు ఏడ్చింది. అతని కళ్లు మాత్రం పొడిగానే ఉండిపోయాయి.

పెద్దకర్మ అయ్యాక ఏలూరు తిరిగొచ్చాడు. ఇన్నాళ్లూ ఏమైపోయారని లాడ్జీ యజమాని కరీం అడిగాడు.

“మా చెల్లెలు పోయిందండీ.”

కరీం అతని ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ కనిపించలేదు.

“నిజంగానేనాండీ?”

“అవునండీ” అన్నాడు అబ్బాయిరాజు. గ్లాసుడు మంచినీళ్లు తాగి, రిజిస్టరు దగ్గరికి లాక్కుని, విజయవాడ బండి దిగి వచ్చినవాళ్ల పేర్లు అడగడం మొదలుపెట్టాడు.