చిన్నకోడలి ఊపిరి

పొద్దున్న ఆరింటికల్లా టీచరు హాలు తలుపు తీసి, కిటికీలు తెరిచి, నేల తుడిచి, ఇరవై రెండు చాపలు వరసగా పరిచేది. సైకిళ్ళ షాపు మీది మేడ అది. ఇరవయ్యేళ్ళుగా అక్కడే యోగా నేర్పుతోంది. ఎవరి మోకాలు ఎందాకా వంగుతుందో, ఎవరు శవాసనంలో గురక పెడతారో ఆమెకి కంఠతా వచ్చు. "పీల్చండి... వదలండి" అంటే చాలు, నలభై నాలుగు ముక్కుపుటాలు ఒక్కసారిగా కదిలేవి. ఆ క్షణం కోసమే తను పుట్టాననుకునేది. తన సొంత సాధన మాత్రం ఎప్పుడో అటకెక్కింది. ఒంటరిగా చాప మీద కూర్చుని ఆరేళ్ళయిందన్న సంగతి మొగుడికి కూడా చెప్పలేదు.

వానలు మొదలైన నెలలో తోడికోడలు క్లాసులో చేరింది. ఒకే ఇంట్లో చెరో వాటా వాళ్ళది. ఇంటిల్లిపాదీ ఆవిణ్ణి చిన్నకోడలనే పిలుస్తారు. కర్టెన్లు కుట్టే పని. రోజంతా మిషను మీదకి వంగి వంగి నడుము పట్టేసింది.

"వెనకెక్కడో ఓ మూల కూర్చుంటానక్కా, ఏమనుకోకు" అంది.

మూడో రోజున చిన్నకోడలు కళ్ళు మూసుకుని నిదానంగా ఊపిరి పీల్చింది. హాలంతా పీల్చింది. మనుషులే కాదు, గోడలు కూడా. అటు గోడా ఇటు గోడా జానెడేసి వెనక్కి జరిగాయి. ఆవిడ వదలగానే మళ్ళీ మెల్లగా దగ్గరకొచ్చాయి.

"రేపట్నుంచి చెప్పుల స్టాండు గోడకి కాస్త ఎడంగా పెట్టుకోవాలి" అన్నాడు ముందు వరసలోని రిటైరైన గుమాస్తా. కింద షాపాయన పైకొచ్చి, "ఆ టైములో టైర్లకి గాలి కొట్టే పని తప్పుతోందండీ" అని సంతోషంగా చెప్పి పోయాడు.

టీచరు "పీల్చండి" అంది. ఒక్కరూ పీల్చలేదు. అప్పటికి చిన్నకోడలు వదులుతోంది మరి.

ఆ రోజు నుంచి టీచరుకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. నిన్నగాక మొన్న వచ్చింది! పద్మాసనం వేస్తే ఎడమకాలు జారిపోతుంది, ఒక్క ఆసనం పేరుకీ నోరు తిరగదు. దీనికా ఈ వరం? హాల్లో అందరూ ఆవిడ ఊపిరితో పాటు ఊగుతుంటే టీచరు ఒక్కతే పంతం పట్టి ఊపిరి బిగబట్టేది. కళ్ళు బైర్లు కమ్మినా సరే, దానితో కలిసేది కాదు. ఇంటికొస్తే అక్కడా అదే గోల. మధ్యగోడ ఉబ్బి తగ్గుతుంటే ఆమె మొగుడు, "మేకులు ఊడొస్తున్నాయి, ఈసారి పొడుగువి తేవాలి" అనేవాడు.

ఓ రోజు క్లాసయ్యాక టీచరు చిన్నకోడల్ని పక్కకి పిలిచింది.

"నీ నడుముకి ఈ ఊపిరి సాధన పడదమ్మాయ్. వెన్నుపూస జారితే జన్మంతా మంచమే. ఇంట్లో కూడా చెయ్యకు."

"నిజమా అక్కా? హాయిగా ఉంటోందే!"

"మొదట్లో హాయిగానే ఉంటుంది."

చిన్నకోడలు నమ్మింది. ఇరవయ్యేళ్ళ టీచరు మాట నమ్మక ఏం చేస్తుంది? చాప చుట్టుకుని వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా నడుము మళ్ళీ పట్టేసి, గోడ పట్టుకుని నడవసాగింది. హాల్లో ముక్కుపుటాలు తిరిగి టీచరు లెక్కకి కదిలాయి గానీ, చూపులన్నీ తలుపు వైపే. "చిన్నమ్మగారు రావట్లేదేం?" అని గుమాస్తా రోజూ అడిగేవాడు. ఆ ప్రశ్న టీచరుకి మింగుడుపడేది కాదు.

రెండు వారాల తర్వాత ఓ మధ్యాహ్నం అత్తగారికి ఉబ్బసం ఎగదన్నింది. మందు పీల్పించినా లాభం లేకపోయింది. ఆసుపత్రి బండి బయల్దేరిందన్నారు, ఎప్పటికొస్తుందో తెలీదు. టీచరు వెనక కూర్చుని వీపు నిలబెట్టి, "నాలుగు లెక్కపెడుతూ పీల్చండత్తయ్యా, ఒకటీ... రెండూ..." అంటోంది. అత్తగారి పెదాలు నీలంగా మారుతున్నాయి. రెండు దాటి లెక్క సాగట్లేదు.

చిన్నకోడలు మెడలో టేపుతోనే వచ్చింది.

"నువ్వు పీల్చు" అంది టీచరు.

"నేనా? వెన్ను జారిపోతుందన్నావుగా! పసిపిల్లలున్నారక్కా, నేను మంచాన పడితే వాళ్ళనెవరు చూస్తారు?"

గుమ్మంలో అన్నదమ్ములిద్దరూ నిలబడి ఉన్నారు. టీచరు వాళ్ళ వైపు చూడలేదు.

"జారదు. అబద్ధం చెప్పాను."

"ఎందుకూ?"

"నిన్ను చూసి ఓర్వలేక."

చిన్నకోడలు మెడలో టేపు తీసి పక్కన పడేసింది. "ఆ సంగతి తర్వాత తేలుద్దాం. జరుగు ముందు" అని తోడికోడల్ని భుజంతో నెట్టి, అత్తగారి చేయి పట్టుకుని కూర్చుంది.

పీల్చింది. గోడలు వెనక్కి జరిగాయి. బీరువా తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. అత్తగారి ఛాతీ గిలగిల్లాడి, తడబడి, చివరికి ఆ ఊపిరిని అందుకుంది. టీచరుకి ఈసారి బిగబట్టే శక్తి లేదు. గాలి తనంతట తనే లోపలికొచ్చి, ఆరేళ్ళుగా చేరని చోటికి చేరింది. ఆమె మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చింది. బండి వచ్చేసరికి అత్తగారు, "ఎవరే ఏడుస్తోంది, నేనింకా పోలేదుగా" అని విసుక్కుంటోంది.

చిన్నకోడలు నెలరోజులు పలకలేదు. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేది. టీచరు మాత్రం ఇంకా ముందే లేచి, హాలు తెరిచే లోపల, ఒంటరిగా చాప మీద కూర్చోవడం మొదలుపెట్టింది.

అత్తగారికి వైద్యం చేసిన డాక్టరు జరిగింది విని, ఊపిరితిత్తుల వార్డుకి మంగళవారాలు రమ్మని చిన్నకోడలికి కబురు పెట్టాడు. ముందురోజు ఆవిడ టీచరు గుమ్మంలోకి వచ్చి, లోపలికి రాకుండానే అంది: "వాళ్ళని ఎలా కూర్చోబెట్టాలో నాకు తెలీదు. వస్తావా, రావా?"

టీచరు వెళ్ళింది. ఎనిమిది మంచాల దగ్గరా తిరిగి, దిళ్ళు సర్ది, ఒక్కొక్కరి వీపు నిలబెట్టింది. చిన్నకోడలు మధ్యలో స్టూలు మీద కూర్చుని పీల్చింది. వార్డంతా వెడల్పయింది. ఎనిమిదిమందీ పీల్చారు.

అయ్యాక నర్సు మెచ్చుకోలుగా చిన్నకోడలి వైపు చూసి, టీచరుని అడిగింది: "మీరు కూడా వీరి దగ్గరే నేర్చుకుంటున్నారా అమ్మా?"

టీచరుకి ఇరవయ్యేళ్ళూ నాలుక చివరిదాకా వచ్చాయి. చేతిలో ఉన్న దిండు గలీబు ముడతలు సాపు చేసి, ఇంకోసారి సాపు చేసింది.

"అవునండీ" అంది. "ఈమధ్యే చేరాను."