సెలూన్ కిటికీలో తెల్లగులాబీ

అత్తగారు పెద్దకూతురింటికి మకాం మార్చిన రోజున, సెలూన్ నడిపే అల్లుడు వ్యానులోంచి రెండు పెట్టెలు, ఒక ఇస్త్రీ బల్ల, ఒక పూలతొట్టి దించాడు. పెట్టెలు ఎక్కడ పెట్టినా ఆవిడ పట్టించుకోలేదు. తొట్టిని మాత్రం పెరటిదాకా వెంట నడిచి దగ్గరుండి పెట్టించింది.

"అటు కాదు అల్లుడుగారూ, కాస్త ఇటు జరపండి. దానికి పొద్దుటి ఎండ తగలాలి."

పెరడంటే పేరుకే పెరడు. పదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, కింద సిమెంటు, ఒక మూల తూము, పైన బట్టలారేసే తీగ. అంత చోటుకి సరిపడ్డ మొక్కే అది. పొట్టిరకం తెల్లగులాబీ. ఎన్నేళ్ళు పెంచినా మోకాలెత్తు దాటదు. గుత్తికి అయిదారు పూలు పూస్తుంది. మొగ్గలో లేత ఆకుపచ్చ జీర ఉంటుంది, విచ్చుకున్నాక అదీ పోతుంది. అత్తగారు ముప్ఫై ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసిన మనిషి. తెలుపులో ఎన్ని తెలుపులుంటాయో ఆవిడనే అడగాలి. ఉద్యోగం చాలించిన రోజున తోటివాళ్ళు ఇచ్చిన మొక్కని పన్నెండేళ్ళుగా మూడో అంతస్తు మెట్ల మలుపులో పెంచుకుంది. ఇప్పుడు మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కనివ్వక పెద్దకూతురి పంచన చేరింది.

అల్లుడికి ఆవిడంటే మొదట్నుంచీ బెరుకే. పెళ్ళికి ముందు కూతురు ఇతన్ని తీసుకెళ్ళి చూపిస్తే, ఆవిడ పైనించి కిందిదాకా చూసి "సరే" అంది. ఆ సరేకి అర్థమేమిటో పదేళ్ళయినా అతనికి అంతుపట్టలేదు. ఆవిడ ఎప్పుడూ మాట తూలదు, గొంతు పెంచదు. అల్లుడుగారూ, మీరు, అండీ. ఆ మర్యాద అతనికి గొంతు దాకా బొత్తాలు పెట్టిన చొక్కాలా ఉండేది.

రెండు నెలలకి ఆవిడకి మోకాలి ఆపరేషన్ కుదిరింది. ఆసుపత్రికి దగ్గరని నెల్లాళ్ళు చిన్నకూతురింట్లో ఉండి వస్తానంది. వెళ్ళేముందు అల్లుణ్ణి పెరట్లోకి పిలిచింది.

"మట్టి ఆరితేనే నీళ్ళు పోయండి. ఇంకేం చెయ్యక్కర్లేదు."

ఆ చివరి మాట అతను చెవిన వేసుకోలేదు. అత్తగారి మెప్పు పొందడానికి ఇంతకన్నా మంచి అవకాశం మళ్ళీ రాదనిపించింది. మొక్క చూస్తే జుట్టు చెదిరిన తలలా ఉంది. ఒక కొమ్మ అటు, ఒక కొమ్మ ఇటు. ఇరవై రెండేళ్ళుగా కత్తెర పట్టిన చెయ్యి ఊరుకుంటుందా? ఒక ఆదివారం కత్తెర తీసుకుని చుట్టూ తిరుగుతూ పైపైన కత్తిరించాడు. గుండ్రంగా, నున్నగా, ఎక్కడా ఒక్క ఆకు పొడుచుకు రాకుండా బంతిలా తయారుచేశాడు. రోజూ సాయంత్రం సెలూన్ మూసి వచ్చాక తలంటు పోసినట్టు ఆకుల మీంచి నీళ్ళు పోశాడు.

అత్తగారు చేతికర్రతో తిరిగొచ్చి పెరటి గుమ్మంలో నిలబడింది. చాలాసేపు చూసింది.

"బాగుంది" అంది.

అతనికి సరే కన్నా ఆ బాగుంది ఇంకా భయంగా ఉంది.

వారం తిరక్కుండా ఆకుల మీద నల్లమచ్చలు లేచాయి. ముందు కింది ఆకుల మీద, తర్వాత మధ్యలో. మచ్చ చుట్టూ ఆకు పసుపెక్కి రాలిపోయేది. దానికి తోడు ముసురు పట్టి, పది రోజులు ఎండ మొహమే కనబడలేదు. కత్తిరించిన ప్రతిచోటా గుబురుగా చిగుళ్ళొచ్చి లోపలికి గాలి చొరబడే సందే లేకుండా పోయింది. తెగులు ఒక్కో కొమ్మనే పట్టుకుపోయింది.

"నావల్లే కదా అత్తయ్యా?" అని అడిగాడు ఒక రోజు, ఉండబట్టలేక.

"మీ తప్పేముంది అల్లుడుగారూ. మొక్కన్నాక జబ్బు చేస్తుంది" అంది ఆవిడ, రాలిన ఆకుల వైపు చూస్తూ.

నాలుగు తిట్టినా ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

మర్నాడు సెలూన్‌కి తోటమాలి వచ్చాడు. అతను నర్సరీలో పనిచేస్తాడు. తల మీద చెవుల పక్కన తప్ప వెంట్రుక లేదు గానీ వారం వారం తప్పకుండా వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. కబుర్లకే వస్తాడని అందరికీ తెలుసు. అల్లుడు జరిగిందంతా చెప్పుకున్నాడు.

తోటమాలి అద్దంలోంచే నవ్వాడు. "నువ్వు దానికి క్రాఫు చేశావయ్యా! గులాబీకి పైన కాదు, లోపల కత్తిరించాలి. మధ్యలో ఖాళీ వదలాలి, గాలి ఆడాలి. పైగా సాయంత్రం తలమీంచి నీళ్ళు! ఇంక బతికినట్టే."

"ఏం చెయ్యలేమా?"

"తెగులు పట్టని కొమ్మలేమైనా మిగిలాయా? పెన్సిలంత లావుండాలి. ఉంటే జానెడేసి ముక్కలు కొయ్యి. కణుపు కింద ఏటవాలుగా కొయ్యాలి. పైన రెండాకులుంచి మిగతావి తీసెయ్. ఇసక కలిపిన మట్టిలో గుచ్చి, అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా బోర్లించు. తడి ఆరకూడదు, బురద కాకూడదు. వేరొచ్చిందో లేదో అని పీకి చూశావో, నా మీద ఒట్టే."

మొక్కంతా వెతికితే తొమ్మిది ముక్కలు దొరికాయి. వాటిని ఇంట్లో పెట్టే ధైర్యం లేకపోయింది. ఇవి కూడా పోతే ఆవిడ మొహం ఎలా చూడటం? సెలూన్ కిటికీలో, పొద్దుటి వెలుగు పడే చోట తొమ్మిది డబ్బాలు వరుసగా పెట్టాడు. ఖాళీ షాంపూ సీసాలు కోసి మూతలుగా బోర్లించాడు. జుట్టు తడిపే స్ప్రే డబ్బా ఉండనే ఉంది. గిరాకీ తల మీద రెండు చిమ్ములు చిమ్మి, కిటికీ వైపు తిరిగి డబ్బాల మీద రెండు చిమ్మేవాడు. "ఏవి ముందు మొలుస్తాయో, ఈ కొమ్మలకి వేళ్ళా, తోటమాలికి వెంట్రుకలా?" అని కుర్చీల్లోవాళ్ళు వేళాకోళం చేసేవారు.

సంగతి భార్యకి మూడోరోజే తెలిసిపోయింది. "మా అమ్మకి చెప్పనులే" అంది నవ్వాపుకుంటూ. "నువ్వు దాచినట్టే నేనూ దాస్తాను."

రెండు ముక్కలు వారంలోనే నల్లబడ్డాయి. మూడు బూజు పట్టాయి. ఒకటి పచ్చగానే ఉండి ఆశపెట్టి, నెల తిరిగాక ఎండిపోయింది. ఈలోగా ఇంట్లో తల్లిమొక్క పూర్తిగా కట్టె అయింది. అత్తగారు దాన్ని తానే పీకేసి, తొట్టి కడిగి గోడవారగా బోర్లించింది.

మిగిలిన మూడూ నిలబడ్డాయి. రెండు నెలలు దాటాక చిగుళ్ళు ఎర్రగా తొంగిచూశాయి, ఆకులు విచ్చుకున్నాయి. ఒకదానికైతే చివర మినపగింజంత మొగ్గ కూడా వచ్చింది. అది పూశాక, పువ్వుతో సహా అత్తగారి ముందు పెట్టాలని అతను రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

ఆ పువ్వు దాకా రాలేదు వ్యవహారం. ఒక ఉదయం అత్తగారు డాక్టరు నడవమన్నాడని కర్ర పట్టుకుని నడుస్తూ నడుస్తూ సెలూన్ దాకా వచ్చి, కాసేపు కూర్చుందామని లోపలికి అడుగుపెట్టింది. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అల్లుడు కిటికీ దగ్గర వంగి స్ప్రే కొడుతున్నాడు.

"ఏవిటవి?"

అతను స్ప్రే డబ్బా వెనక్కి దాచాడు. ఆవిడ దగ్గరకొచ్చి సీసా ఎత్తి, ఆకు తిరగేసి చూసింది. గుర్తుపట్టడానికి ఎంతోసేపు పట్టలేదు.

"ఎన్ని పెట్టారు?"

"తొమ్మిది అత్తయ్యా. ఆరు పోయాయి."

ఆవిడ ఒక కుర్చీలో కూర్చుంది. కర్ర ఒళ్ళో పెట్టుకుంది.

"ఆ మొక్క మీ వల్ల పోలేదు" అంది. "మచ్చలు మొదలైన రోజే మచ్చపడ్డ ఆకులన్నీ గిల్లేసి, మధ్య కొమ్మలు తీసేస్తే దక్కేది. నాకు తెలుసు. వంగితే మోకాలు ప్రాణం తీస్తోంది. మిమ్మల్ని పిలిచి ఇలా చెయ్యండి అంటే చేసేవారు. పిలవలేదు. నా మొక్క పాడుచేశారన్న కోపం. పైకి తిట్టనూ లేక, లోపల మింగనూ లేక, చూస్తూ ఊరుకున్నాను. పన్నెండేళ్ళు పెంచినదాన్ని పంతానికి చంపుకున్నాను."

ఆవిడ కళ్ళు తుడుచుకుని లేచి, మొగ్గ ఉన్న డబ్బా ముందుకు జరిపింది.

"ముందు ఈ మొగ్గ తుంచెయ్యాలి."

"అయ్యో, ఒక్కటే ఉంది కదండీ! పుయ్యనీండి."

"ఇంత పిల్లమొక్క పువ్వు మొయ్యలేదు. ఉన్న బలమంతా దానికే పోతుంది, వేరుకేం మిగలదు. తుంచు బాబూ. నీ చేత్తోనే తుంచు."

పదేళ్ళలో ఆవిడ నోట నువ్వు అన్నమాట రావడం అదే మొదలు. అతను విననట్టే ఉండి, గోటితో మొగ్గ గిల్లాడు.

ఆ వారంలోనే రెండు డబ్బాలు ఇంటికొచ్చి పెరటి తొట్లలోకి మారాయి. మూడోదాన్ని కిటికీలోనే ఉంచమని గిరాకీలు పట్టుపట్టారు. కత్తిరించే కాలం వచ్చినప్పుడు అత్తగారు పెరట్లో ఎత్తుపీట వేసుకుని కూర్చుని కర్రతో చూపించేది. "లోపలికి తిరిగిన కొమ్మ తీసెయ్. అది కాదు, దాని పక్కది. నీ కత్తెర గిరాకీలకి దాచుకో, ఈ తోట కత్తెర పట్టుకో." ఆవిడ చూపించినచోటల్లా అతను కోసేవాడు, ఒక్కోసారి ఎదురు వాదించేవాడు కూడా. మరుసటి ఏడాది ఒక్కో తొట్టిలో నాలుగేసి గుత్తులు పూశాయి. వానచుక్క పడిన రేకుల మీద లేత గులాబీరంగు మచ్చలు తేలితే, "వాన మరకే, కంగారు పడకు" అని ఆవిడే చెప్పింది.

పూలు చూసి పై వాటాలో ఉండే టీచరమ్మ ఒకనాడు బాల్కనీలోంచి వంగి అడిగింది.

"మాకూ ఒక కొమ్మ ఇస్తారా అమ్మా? చిన్న బాల్కనీ, కుండీ పెట్టేంత చోటే ఉంది."

"దీనికి అంతకంటే చోటెందుకు? చక్కగా వస్తుంది" అంది అత్తగారు. "కానీ అంటు కట్టడం, కొమ్మ నాటడం నా చేతికి రావమ్మా. మా అబ్బాయి సెలూన్‌లో ఉంటాడు, వాణ్ణి అడుగు. ఎలా పెట్టాలో చెప్తాడు. వెళ్ళేటప్పుడు ఒక ఖాళీ సీసా తీసుకెళ్ళు."