చిల్లుల్లేని రేకు

నిచ్చెన పై మెట్టు మీద నిలబడి, ఎడమ చేత్తో ఇనుప రేకును కిటికీ చట్రానికి అదిమిపట్టి, కుడి చేత్తో వెల్డింగు హోల్డరు పట్టుకున్న మేస్త్రికి చెమట కళ్ళలోకి దిగుతోంది. తుడుచుకుందామంటే మూడో చెయ్యి లేదు. వెల్డింగు వాళ్ళను పుట్టించేటప్పుడు దేవుడు ఆ సంగతి మరిచిపోయాడని, కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డ అతని బావ రోజుకోసారైనా అంటాడు.

మిట్టమధ్యాహ్నం. జైలు పడమటి గోడ. పై అంతస్తులో వరసగా ఇరవై గదులు, ఇరవై కిటికీలు. ఆ కిటికీల్లోంచి ఖైదీలు గోడవతల రోడ్డు మీద నిలబడ్డ పెళ్ళాంబిడ్డలతో కేకలేసి మాట్లాడుకుంటున్నారనీ, కులాసాగా గాలి పీలుస్తున్నారనీ పేపర్లో పడింది. ‘జైలా, విడిది ఇల్లా?’ అని పెద్దక్షరాలు. ఊరంతా భగ్గుమంది. కొత్తగా వచ్చిన జైలరు వారం తిరక్కుండా కిటికీలన్నిటికీ రేకులు బిగించమన్నాడు. కిటికీకింత అని మాట్లాడుకుని మేస్త్రి పని ఒప్పుకున్నాడు. నిజం చెప్పాలంటే ఊరికే చెయ్యమన్నా చేసేవాడే.

ఎందుకంటే తొమ్మిదో నంబరు గదిలో వాడున్నాడు.

ఎనిమిది నెలల కింద మేస్త్రి అక్క కూరగాయల సంచీతో బజారు నుంచి వస్తుంటే, బండి మీద వచ్చి మెళ్ళో గొలుసు పట్టి లాగినవాడు. గొలుసు తెగలేదు. ఆవిడ పడింది, వాడు వదల్లేదు, వీధి మలుపు దాకా ఈడ్చుకుపోయాడు. నడుం విరిగింది. నడుం కింద ప్రాణం లేదు. తీరా చూస్తే అది గిల్టు గొలుసు! సంతలో ఎవడూ బేరం కూడా ఆడని గొలుసు.

ఇప్పుడు నిచ్చెన ముందున్నది తొమ్మిదో కిటికీయే. వార్డరును అడిగి మరీ తెలుసుకున్నాడు మేస్త్రి. వెల్డింగు మెరుపుకి కళ్ళు పోతాయని, ఏ కిటికీ పని జరిగితే ఆ గదివాళ్ళను వార్డరు కాసేపు వరండాలోకి తోలుతున్నాడు. కాబట్టి లోపల ఎవరూ కనిపించలేదు. కొన్ని చెంబులు, చుట్టిన దుప్పట్లు మాత్రం కనిపించాయి.

ప్రతి రేకుకీ గాలి కోసం పన్నెండు చిల్లులు వెయ్యాలని కాగితంలో రాసి ఉంది. బావ సుద్దముక్కతో పన్నెండు సున్నాలు గీస్తాడు, మేస్త్రి డ్రిల్లు పెడతాడు, తర్వాత రేకు పైకెక్కుతుంది. అదీ వాళ్ళ వరస. తొమ్మిదో రేకుకి కూడా బావ అలాగే గీశాడు. మేస్త్రి మాత్రం మెళ్ళో తడిగుడ్డ తీసి ఆ సున్నాల్ని తుడిచేశాడు.

“అదేంటోయ్ బామ్మర్దీ?” అన్నాడు బావ.

“దీనికి అక్కర్లేదు.”

బావకు అర్థమైంది. నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి మంచాన పడితే ఎలా ఉంటుందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. మరమగ్గాల మిల్లు మూతపడ్డాక బామ్మర్ది దగ్గర నిచ్చెన పట్టుకునే పనికి దిగాడు. పొద్దున్నే భార్య వీపు కడిగి, పక్క మార్చి, అప్పుడే పనికి వస్తాడు.

“గదంటే వాడొక్కడికే రాసిచ్చారా ఏంటి?” అని మాత్రం గొణిగాడు.

“ఎవడుంటే నాకేం? జైల్లో ఉన్నారంటే చేసుకున్నదే. నిచ్చెన సరిగ్గా పట్టుకో.”

ఆ పూట మేస్త్రి వేసిన అతుకు అంత నున్నగా ఎప్పుడూ రాలేదు. చుట్టూ ఒక్క సందు లేదు. దిగి వచ్చి, మెడ వెనక్కి వంచి, తన పనిని తనే మెచ్చుకున్నాడు.

ఇంటికి పోగానే అక్క అడిగింది. “వాడి గది అయిందా?”

ఆవిడ మంచం కిటికీ పక్కనే ఉంది. ఆ కిటికీ ఇదివరకు తలకాయంత ఉండేది. ఆవిడ ఆసుపత్రి నుంచి రాకముందే మేస్త్రి గోడ కొట్టించి, తన చేత్తో చట్రం కట్టి, రెండు పెద్ద రెక్కలు పెట్టాడు. పడుకున్న చోటి నుంచే సందు మొదలు నుంచి చివర దాకా కనిపిస్తుంది. ఇప్పుడు ఆవిడకు ఊరూ అదే, బజారూ అదే. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం మానేసిందో ఆవిడే అందరికంటే ముందు చెబుతుంది.

“అయిందక్కా. అందరికీ పన్నెండు చిల్లులు. వాడికి ఒక్కటి కూడా లేదు.”

“ఒక్కటి కూడా?”

“సూది దూరదు.”

అక్క నవ్వింది. ఎనిమిది నెలల తర్వాత, పళ్ళు కనబడేలా నవ్వింది. “నా తండ్రే!” అని తమ్ముడి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. “వాడు చేసిన పాపానికి శిక్ష పడింది నాకురా. నేనేమో ఈ మంచానికి అంటుకుపోయాను, వాడికేమో వేళకి తిండి, వేళకి నిద్ర. రేపో మాపో జామీను మీద బయటికొస్తాడు కూడా. నాకెవడిస్తాడ్రా జామీను?”

ఆ ప్రశ్నకు జవాబు ఏ కోర్టులోనూ లేదు. ఆ పూట ఆవిడ రెండు ముద్దలు ఎక్కువ తింది. బావ గిన్నె కడుగుతూ తనలో తను ఏదో పాట కూనిరాగం తీశాడు. ఆ ఇంట్లో పాట వినబడి ఎన్నాళ్ళయిందో! తల్లి పోయాక తనను చంకనేసుకుని పెంచిన మనిషికి ఇంతకాలానికి ఒక్క మంచి వార్త మోసుకొచ్చానని మేస్త్రి గుండె నిండిపోయింది. మర్నాడూ అదే అడిగింది. “తియ్యలేదుగా? చిల్లు పెట్టలేదుగా?” అతనూ అదే జవాబు చెప్పాడు. ఇంట్లో ఇక అదొక మందులా అయింది, పూటకొక మోతాదు.

మూడో రోజుకి పదకొండు కిటికీలు పూర్తయ్యాయి. పన్నెండో రేకు కింద పెట్టి బావ సుద్ద గీస్తుంటే జైలరు వచ్చాడు. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడతాడు. అరిచే రకం కాదు.

“మేస్త్రీ, ఆ సున్నాలు ఇక గీయకండి. ఈ రెండ్రోజులూ చూశాను. చిల్లులున్న గదుల్లోంచి చీటీలు తోస్తున్నారు, దారాలు దించుతున్నారు. ఒక్క తొమ్మిదో నంబరు మాత్రం చడీచప్పుడు లేదు. భలే పని చేశావు. అదే నమూనా. మిగతావన్నీ అలాగే వెయ్యి. వేసినవాటికి కూడా చిల్లులు పూడ్చు. ఆ కాగితం సంగతి నేను చూసుకుంటాను.”

మేస్త్రికి ఎందుకో ఆ పొగడ్త ఒంటబట్టలేదు. తల మాత్రం ఊపాడు.

“ముందు లోపలికెళ్ళి ఆ తొమ్మిదో నంబరు తలుపు చూడు. మడతబందు ఊడింది. రాత్రనక పగలనక ఆ తలుపు ఊచలకే అంటుకుని ఉంటున్నారు వెధవలు.”

వార్డరు వెంట మేస్త్రి మొదటిసారి జైలు లోపలికి అడుగుపెట్టాడు. తొమ్మిదో గది ముందుకి రాగానే పొయ్యి మూత తీసినట్టు సెగ మొహాన కొట్టింది. ఇద్దరు పట్టే గదిలో ఏడుగురున్నారు. ఊచల తలుపు పైబందు తెగి ఒరిగి ఉంది. వరండా గాలి కాస్త తగిలేది ఆ తలుపు దగ్గరే. ఆ చోటంతా ఒక్కడే కాళ్ళు బారజాపుకుని పడుకున్నాడు.

వాడే. కోర్టులో చూసిన మొహం మేస్త్రి మరిచిపోతాడా? ఒంటికి చెమట పట్టలేదు. చొక్కా కూడా పొడిగానే ఉంది. మిగతావాళ్ళు వాడి కాళ్ళు తగలకుండా ఒదిగి కూర్చున్నారు. అందరికంటే వెనక, సరిగ్గా రేకు కింద, గోడకు చేరగిలబడి ఒక ముసలాయన ఉన్నాడు. పెదాలు ఎండి పగిలాయి. ఒంటి మీద చొక్కా లేదు, దాన్ని నీళ్ళలో ముంచి నెత్తిన వేసుకున్నాడు. అది కూడా అప్పటికే ఆరిపోయింది.

మేస్త్రి బందు కొలుస్తుంటే ముసలాయన నోరు విప్పాడు. “బాబూ, ఆ రేకు బిగించింది నువ్వేనా?”

“... నేనే.”

“పక్క గదుల్లో చిల్లులున్నాయట కదా. దీనికి మర్చిపోయినట్టున్నావు.”

మేస్త్రి కొలిచిన బందునే మళ్ళీ కొలిచాడు.

“తప్పు పట్టి అడగట్లేదు నాయనా. నేనూ పనివాణ్ణే. గొడుగులు బాగుచేస్తాను. ఎండనపడి పని చేస్తుంటే ఒకోసారి పుల్ల పెట్టడం మర్చిపోతాం. వీలైనప్పుడు ఒక రెండు చిల్లులు పెట్టు, చాలు. పన్నెండూ వద్దులే, నీకూ శ్రమ.”

“ఈయనేం చేశాడు?” అని మేస్త్రి వార్డరును గొంతు తగ్గించి అడిగాడు.

“కొట్టు ముందు గొడుగులు పరిచాడని గొడవ. ఎవర్నో తోశాడంటారు. కేసు ఇంకా తేలలేదు. జామీనుకి మనిషి లేడు. ఐదు నెలలైంది.”

తలుపు దగ్గర పడుకున్నవాడు ఒళ్ళు విరుచుకుని నవ్వాడు. “ముసలాడి సొద పట్టించుకోకు మేస్త్రీ. మాకిక్కడ బానే తగుల్తోంది గాలి. బందు మాత్రం గట్టిగా వెయ్.”

వాడికి ఈ మేస్త్రి ఎవరో తెలియదు. గొలుసూ గుర్తుండి ఉండదు. మేస్త్రికి ఆ క్షణాన వాడి గొంతు పిసకాలన్నంత కోపం వచ్చింది. అంతకంటే పెద్ద కోపం తన మీద వచ్చింది. ఎవడికోసం వేశాడు ఆ రేకు, ఎవడి నెత్తిన పడింది! కష్టం పెట్టాలంటే గదిలోకి కష్టాన్ని తోసి తలుపేస్తే సరిపోతుందనుకున్నాడు. లోపల దాన్ని పంచేది బలమున్నవాడేనని తట్టనే లేదు.

బందు అతికాడు. బయటికి వచ్చాడు. నిచ్చెన మోసుకెళ్ళి తొమ్మిదో కిటికీకి ఆన్చి, “బావా, డ్రిల్లు” అన్నాడు.

బావ డ్రిల్లు అందించాడు. తుడిచిన సుద్ద గుర్తులు రేకు మీద ఇంకా మసకగా కనిపిస్తున్నాయి. వాటి మీదే పెట్టుకుంటూ పోయాడు. రేకు మీద ఎడమ చెయ్యి ఆన్చితే అరచెయ్యి చుర్రుమంది. అయినా తియ్యలేదు. పదో చిల్లు పడేసరికి లోపల్నుంచి ఎవరిదో ముడతలు పడ్డ వేలు దాని దాకా వచ్చి, అంచు కాలి, వెనక్కి పోయింది.

“ఎవరు చెయ్యమన్నారు?” కింద జైలరు నిలబడ్డాడు.

మేస్త్రి పన్నెండోది పూర్తి చేసి దిగాడు. “ఇది నా తప్పు సార్. సరిచేశాను. మిగతా కిటికీలకి చిల్లుల్లేకుండా నేను వెయ్యను. వేసినవి పూడ్చను.”

“నేనేమన్నా రాక్షసుణ్ణా మేస్త్రీ? బయట పనిచేసుకు బతికేవాడి ఇంటికంటే జైలు చల్లగా ఉంటే ఇక భయమెవడికుంటుంది? నీ షెడ్డుకి మాత్రం రేకు కాదూ? నువ్వు దాని కింద బతకట్లేదూ?”

“నా షెడ్డుకి తలుపుంది సార్. ఉడికిపోతే బయటికొస్తాను.”

“మీ అక్క సంగతి వార్డరు చెప్పాడు. నువ్వే ఇలా మాట్లాడితే ఎలా?”

“అందుకే మాట్లాడుతున్నాను. ఆ రేకు కక్షతో వేశాను సార్. కక్ష నాది. దాన్ని మీరు రూలు చేస్తానంటే ఎట్లా?”

“ఊళ్ళో వెల్డింగు మేస్త్రివి నువ్వొక్కడివే కాదు” అన్నాడు జైలరు, అదే నెమ్మది గొంతుతో.

“కాదు సార్” అని మేస్త్రి వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

దారి పొడుగునా బావ ఆగకుండా సామాను బండి తోశాడు. సందు మలుపులో మాత్రం ఆగాడు. “దానికి చెబుతావా?”

“చెప్పకుండా ఎన్నాళ్ళు?”

“చెప్పకపోతే ఏం పోయింది? లేదంటే లేదనుకుంటుంది. ఆ ఒక్క ముక్క మీద నాలుగు మెతుకులు తింటోంది బామ్మర్దీ.”

ఇంకా ఎండ తగ్గలేదు. పట్టపగలే వచ్చేసిన ఇద్దర్నీ అక్క కిటికీలోంచి ముందే చూసింది. గుమ్మంలో అడుగుపెట్టగానే మామూలుగానే అడిగింది. “చిల్లు పెట్టలేదుగా?”

నాలిక చివర దాకా వచ్చింది అబద్ధం. ఎంత తేలిక మాట అది! మేస్త్రి మంచం పక్కన కింద కూర్చున్నాడు.

“పెట్టానక్కా. పన్నెండు.”

జరిగింది దాచకుండా చెప్పాడు. గొడుగుల ముసలాయన సంగతీ, వాడు తలుపు దగ్గర కాళ్ళు జాపుకున్న సంగతీ అంతా చెప్పాడు.

“అయితే” అంది అక్క చివరికి, “ఆ సెగ వాడికే తగిలుంటే? ఆ ముసలాయన లేకుండా వాడొక్కడే ఉంటే? అప్పుడు పెట్టేవాడివా?”

దీనికి జవాబు ఉందనుకునే దారంతా నడిచి వచ్చాడు మేస్త్రి. “తెలీదక్కా” అన్నాడు.

“తెలీదా! నా నడుం విరగ్గొట్టినవాడికి గాలి పెట్టొచ్చి తెలీదంటావా? నిన్ను ఎత్తుకు పెంచిన నడుంరా ఇది!” కళ్ళ నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోలేదు. “అయితే ఈ కిటికీ కూడా మూసెయ్. నీ గాలీ వద్దు, నీ వెలుతురూ వద్దు. మూసెయ్.”

“అక్కా...”

“మూసెయ్యమంటున్నానా!”

నలభై ఏళ్ళుగా ఆవిడ మాట కాదనని బావ లేచి, కిటికీ రెక్క మీద చెయ్యి వేశాడు. మేస్త్రి కూడా లేచాడు. ఇందాక రేకు మీద కాలి బొబ్బలెక్కిన అరచేతిని రెక్కకీ చట్రానికీ మధ్యన పెట్టాడు.

“మూయను” అన్నాడు.

బావ చెయ్యి రెక్క మీదే ఉండిపోయింది. అక్కకు లేచి వెళ్ళే దారి లేదు. మెడను గోడవైపు తిప్పుకుంది. సందులో ఎవరో ఆవిడను పేరు పెట్టి పిలుస్తూ పోయారు. ఆవిడ ఇటు తిరగలేదు.